ఏప్రిల్‌లో ఫ్లాక్ (పటిక వేస్తే మడ్డి కట్టే ముద్దలు) కిందికి దిగట్లేదు, ఎందుకు?

కాలువ గట్టు:
కర్నూలు దగ్గర ఊరి తాగునీటి స్కీము. కె.సి. కాలువ నీళ్ళు సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులో నిలబెట్టి ఫిల్టర్‌కు పంపుతారు. వానాకాలం తుంగభద్ర ఎర్రనీళ్ళు 250 ఎన్‌టీయూ (మడ్డి కొలత) ఉన్నా, పటిక వేస్తే అరగంటలో తేరుకుంటాయి. ఏప్రిల్‌లో 12 ఎన్‌టీయూనే. పటిక లీటరుకు 20 మి.గ్రా. నుంచి 40కి పెంచినా ఫ్లాక్ దూదిపింజల్లా తేలుతోంది, మధ్యాహ్నం మరీ ఎక్కువ. జార్‌లో (లీటరు జాడీలో పటిక వేసి చూసే పరీక్షలో) మాత్రం కొంత మేలు. మడ్డి తక్కువైతే పని తేలిక కావాలి కదా సార్?

జార్ టెస్ట్:
మడ్డి తక్కువ కావడమే చిక్కన్నా. రేణువులు తగులుకుంటేనే అతుక్కుంటాయి. వాటి సంఖ్య సగమైతే తగులుకోవడం పావు వంతుకు పడిపోతుంది.

ఇక బరువు. మన్ను రేణువు సాంద్రత నీటికి 2.65 రెట్లు. అయినా ఒక మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు) రేణువు ఒంటరిగా రోజుకు 8 సెం.మీ. కూడా సరిగ్గా దిగదు. ఎర్రనీళ్ళలో చిన్నా పెద్దా రేణువులు కలిసి ఉంటాయి. పెద్దవి వేగంగా దిగుతూ దారిలో చిన్నవాటిని పట్టుకుపోతాయి. అన్నీ ఒకే సైజు, ఒకే బరువైతే ఒకదాన్నొకటి అందుకోవు. వేసవి ఫ్లాక్‌లో మన్ను లేదు, ఉన్నదంతా పటిక జిగురూ నీళ్ళే. నీటికంటే ఏ ఒక శాతమో బరువు. పటిక పెంచితే జిగురే పెరుగుతుంది.

బెంటొనైట్ (ఒకరకం బంకమన్ను పొడి) వేయండి, లీటరుకు 10 నుంచి 20 మి.గ్రా. ముందురోజు రాత్రే నానబెట్టి, పటిక కంటే ముందు కలపాలి. తర్వాత వేస్తే ఫ్లాక్ లోపలికి పోదు. మోతాదు జార్‌లోనే తేల్చుకోండి: లీటరు నీళ్ళలో 10 గ్రాముల పటిక కరిగిస్తే, ఆ ద్రావణం 1 మి.లీ. లీటరు జార్‌కు 10 మి.గ్రా. అవుతుంది. 100 ఆర్‌పీఎంలో నిమిషం, 25లో 20 నిమిషాలు తిప్పి, అరగంట కదపకుండా ఉంచండి.

ఫిల్టర్ హౌస్:
మధ్యాహ్నం సంగతి వేరు. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 998.2 గ్రాములు, 30 డిగ్రీలవి 995.7. ఎండకు కాగిన నీళ్ళు ఫ్లాక్ దిగాల్సిన తొట్టిలోని చల్లనీళ్ళ మీదుగా జారి, నిలవకుండానే వెయిర్ (నీళ్ళు పొర్లి బయటికి పోయే అంచు) దాటేస్తాయి, ఫ్లాక్‌ను కూడా మోసుకుపోతాయి. జార్‌లో ఇది కనబడదు. పైగా వేడికి నీళ్ళ చిక్కదనం తగ్గి అక్కడ ఫ్లాక్ త్వరగానే దిగుతుంది, అందుకే మోసపోతాం.

మూడింటికి ఇన్‌లెట్‌లోనూ తొట్టి అడుగునా థర్మామీటర్ పెట్టండి. డిగ్రీ తేడా వచ్చినా మధ్యాహ్నం పంపింగ్ తగ్గించి రాత్రికి మార్చండి. పాచి పట్టి ఉంటే పగలు పీహెచ్ (నీళ్ళ క్షారగుణం కొలత) పెరుగుతుంది, అదీ చూడండి. 8.5 దాటితే అల్యూమినియం కరిగి నీళ్ళలోనే ఉండిపోతుంది, లీటరుకు 0.2 మి.గ్రా. హద్దు దాటే ప్రమాదం ఉంది.