మార్లిన్ బర్న్స్ ఇంటర్వ్యూలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. 1974లో వచ్చిన హారర్ సినిమా ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’లో శాలీగా వేసిన మార్లిన్ బర్న్స్ గురించి వ్యాసం రాస్తున్నాను. కాస్త సాయం కావాలి.

అందులో భోజనాల బల్ల దగ్గరి సీను గుర్తుందా? కుర్చీకి కట్టేసి ఉన్న ఆమె కళ్లలోని ఎర్రజీరలు కూడా కనిపించేంత దగ్గరగా కెమెరా పెట్టారు. మండే టెక్సాస్ వేసవిలో, ఒక రోజుకు పైగా ఏకబిగిన తీశారు. నకిలీ రక్తం వచ్చే గొట్టం పనిచేయకపోతే, ముసుగు హంతకుడు లెదర్‌ఫేస్‌గా వేసిన గునార్ హాన్సెన్ ఆమె వేలిని నిజంగానే కోశాడు. అంత ఒళ్లు హూనం చేసుకుని నటించినవాళ్లు హారర్‌లో అరుదనే నా అభిప్రాయం.

1976లో చార్లెస్ మాన్సన్ ముఠా హత్యల మీద తీసిన ‘హెల్టర్ స్కెల్టర్’ టీవీ సినిమాలో, ఆ ముఠాలో ఉండి తర్వాత సాక్ష్యం చెప్పిన లిండా కసాబియన్‌గానూ బాగా చేశారు. ఆ తర్వాత సినిమాలు ఎందుకంత తగ్గిపోయాయి? 2014లో హ్యూస్టన్‌లో చనిపోయేలోపు దీని గురించి ఆమే మాట్లాడిన ఇంటర్వ్యూ ఉంటే లింకు పెట్టండి.

ఇంకోటి. ‘చైన్ సా’ సినిమాలో లెదర్‌ఫేస్ కుటుంబం ఉండే ఇంటిని తర్వాత టెక్సాస్‌లోనే ఉన్న కింగ్స్‌లాండ్ అనే ఊరికి తరలించి రెస్టారెంటు చేశారు. ఆస్టిన్ వైపు తెలుగువాళ్లు ఎవరైనా వెళ్లారా? లోపల ఆమె ఫొటోలేమైనా పెట్టారేమో చెప్పగలరా?