హిమలంఘనమా, హిమోల్లంఘనమా?

గోదారిగట్టు: చిన్నప్పుడు మా ఇంట్లో పాత వారపత్రికల కట్టలో చూసిన బొమ్మ ఒకటి రెండ్రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. కాళ్లకి స్కీలతో, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలతో, గాల్లో బోర్లా పడుకున్నట్టున్న మనిషి. స్కీ జంపింగ్ ఆట అది. కింద ‘హిమలంఘనం’ అనో ‘హిమోల్లంఘనం’ అనో ఉంది. ఆ ‘ఉత్’ అనే ఉపసర్గ ఉందా, లేదా?

తెనాలి పంతులు: ఉండదమ్మా. ఉల్లంఘనం హద్దు మీరడం. ఆజ్ఞోల్లంఘనం అంటాం. ఆటకి ఆ మాట పెట్టరు.

ఓరుగల్లు: సముద్రోల్లంఘనం మాటేమిటి పంతులుగారూ? హనుమంతుడు ఏ హద్దు మీరాడు? పోనీ, మీ అర్థమే తీసుకున్నా ఈ ఆటకి సరిపోతుంది. స్కీలు రెండూ జంటగా ఉంచాలన్న రోజుల్లో స్వీడన్ ఆటగాడు యాన్ బోక్లోవ్ ముందు కొనలు విడదీసి ‘వి’ ఆకారంలో ఎగిరాడు. న్యాయనిర్ణేతలు శైలి మార్కులు కోసేవారు. అయినా అలా ఎక్కువ దూరం ఎగిరే 1988-89 వరల్డ్ కప్ గెలిచాడు. తర్వాత అందరిదీ అదే పద్ధతి. ‘ఉత్’ ఉండాల్సిందే!

నల్లమల: సంస్కృతం దాకా ఎందుకండీ, ‘దూకు’ లేదూ? ఎగరడం పైకి, దూకడం కిందికి. ఆటగాడు జారుతూ వచ్చి గాల్లోకి లేచే దిమ్మ అంచు కూడా కిందికే వాలి ఉంటుంది. మనిషి వాలు వెంబడే, నేలకి కొద్ది మీటర్ల ఎత్తులో సాగిపోతాడు. నార్వేలో 1808లో ఓలె రూయె అనే సైనికాధికారి 9.5 మీటర్లు దూకాడని చెబుతారు. అది దూకడమే.

తెనాలి పంతులు: ‘దూకు’ అంటే నుయ్యి గుర్తొస్తుంది నాకు. లంఘనానికున్న రెండో అర్థం చూడండి. ‘లంఘనం పరమౌషధం’లో అది ఉపవాసం. ఒంటిని తేలిక చేసేదే లంఘనమని చరకుడు సూత్రస్థానం 22వ అధ్యాయంలో చెప్పాడు. ఈ ఆటలో తేలికైనవాడు దూరం పోతాడు. కుర్రాళ్లు తిండి మాని చిక్కిపోతుంటే, 2004లో ఎత్తుకి తగ్గ బరువు లేనివాడికి పొట్టి స్కీలే ఇవ్వాలని నియమం తెచ్చారు. కడుపు మాడ్చుకోవడమూ, గాల్లోకి లేవడమూ ఒకే మాటలో ఉన్నాయి. చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

గోపవరం: మొల్లని ఎవరూ తలుచుకోరేం? హనుమ లంకకి ఎగిరే ముందు మొహం బిగించి, పాదాలు ఊని తొక్కే పద్యం చూడండి. స్కీ ఆటగాడూ అంతే. మోకాళ్లు ముడిచి జారుతూ వచ్చి, దిమ్మ అంచున ఒక్క తొక్కు తొక్కి లేస్తాడు. ఆ తొక్కులోనే ఉంది సత్తా అంతా. అంత తెలుగుతనం లంఘనంలో ఎక్కడిది?

నల్లమల: అదే నేననేది! ఇంకోటి, నార్వేలో ‘స్కీ’ అనరు, ‘షీ’ అంటారు. మనం రాసేదే తప్పు.

తెనాలి పంతులు: వాడుకలో స్థిరపడ్డాక తప్పేమిటండీ?

గోదారిగట్టు: ఇప్పుడు గుర్తొచ్చింది. బొమ్మలో స్కీలు జంటగానే ఉన్నాయి.

తెనాలి పంతులు: అంటే బోక్లోవ్‌కి ముందుది. ‘ఉత్’ లేదన్నమాట.

ఓరుగల్లు: హనుమంతుడు బోక్లోవ్‌కి తర్వాతివాడా మాస్టారూ?