కన్నీళ్లతో ఒప్పుకున్నాడు, డబ్బు మాత్రం ఇవ్వడం లేదు: ప్రభు బల్ల (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వొచ్చా?

మాది ఊళ్లో చిన్న క్రైస్తవ సంఘం, నేను కమిటీలో ఉన్నాను. పాటలు నడిపించే ఒకాయన సంఘంలోని ఒక విధవరాలి చీటీ డబ్బు 80 వేలు వాడేసుకున్నాడు. గుడ్ ఫ్రైడేకి ముందు ఉపవాస కూటంలో 51వ కీర్తన (దావీదు పశ్చాత్తాప ప్రార్థన) చదివి, అందరి ముందూ ఏడ్చి ఒప్పుకున్నాడు. ఈస్టర్ నుంచి మళ్లీ మైకు ఆయన చేతికే వచ్చింది. ఆమెకు మాత్రం రూపాయి ముట్టలేదు. జీతం వస్తోంది, ఈమధ్యే కొత్త బండి కూడా కొన్నాడు.

మత్తయి 18:15-17 ప్రకారం ముందు ఒంటరిగా, తర్వాత ఇద్దరు పెద్దలతో వెళ్లి మాట్లాడాను. నెలకు 5 వేలైనా కట్టమన్నాం. "దేవుడు క్షమించాడు, మధ్యలో మీరెవరు?" అన్నాడు. పాస్టరుగారిని అడిగితే తీర్పు తీర్చకండి అంటున్నారు. సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట (లూకా 19:8) చూపించాను. అది మోషే ధర్మశాస్త్రం, మనం కృప కింద ఉన్నాం అన్నారు. (ఆ కృప ఆమె అద్దె కట్టదు కదా!)

పోలీసుల దాకా వెళ్లడం ఆమెకు ఇష్టం లేదు. ఇలాంటప్పుడు, డబ్బు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టేదాకా బల్లకూ పాటలకూ దూరంగా ఉంచడం మీ సంఘాల్లో ఉందా, ఉంటే ఏ వాక్యం ఆధారంగా?