విద్యార్థి సభ్యులు రెండో ఏడు నిలవడం లేదు, ఏం చేయాలి?

మా సంగీత సంఘంలో పాతికేళ్ల లోపువాళ్లు చేరుతున్నారు కానీ రెండో ఏడు చందా కట్టే వేళకి జారిపోతున్నారు. పోయినేడు 14 మంది చేరితే రెన్యువల్ చేసింది ముగ్గురే. చందా సగం చేశాం, కచేరీలకు ఉచిత ప్రవేశం ఇచ్చాం, వాట్సాప్ గ్రూపు పెట్టాం. లాభం లేదు. వెళ్లిపోయినవాళ్లను అడిగితే డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ప్రధాన కచేరీకి ముందు, హాలు నిండకముందే 20 నిమిషాలు పాడించి పంపేస్తున్నారన్నారు; పక్కవాద్యాలు కూడా వాళ్లే చూసుకోవాలి. (తప్పు మాదే.) ఈసారి నెలకోసారి సీనియర్ పక్కవాద్య కళాకారులతో రెండు గంటల సాధన పెట్టాలా, కార్యవర్గంలో ఓటు హక్కుతో ఇద్దరు యువ సభ్యులకు చోటివ్వాలా అని తర్జనభర్జన పడుతున్నాం. రెండూ ఒకేసారి నడిపే మనుషుల్లేరు. మీ సంఘాల్లో ఈ రెండింటిలో ఏది చేశాక రెన్యువల్స్ పెరిగాయి?