మ్యాట్ వార్నిష్ కొడితే బొమ్మంతా తెల్లగా అయిపోయింది, ఏం చెయ్యాలండి?

పంటు_సరంగు (అమలాపురం):
అందరికీ నమస్కారమండి. కాకినాడలో ఫ్రెండ్ త్రీడీ ప్రింటర్ మీద తీసిచ్చిన రెజిన్ బొమ్మ, 75 ఎంఎం ఎత్తు, లుంగీ ఎగ్గట్టి నించున్న పంటు సరంగు, అంటే జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపేవాడు. నెల్రోజులు దాని మీదే కూర్చున్నా, కళ్ళల్లో చుక్కలు పెట్టడానికే ఒక ఆదివారం పోయింది. అంతా అయ్యాక నిన్న సాయంత్రం వాన వెలిసిందని డాబా మీదకి తీసుకెళ్ళి మెరుపు లేని మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టా, పది నిమిషాల్లో బూజు పట్టిన ఆవకాయలా తయారైంది, ఏడుపొకటే తక్కువ. రంగంతా గీకి మళ్ళీ మొదలెట్టాలా? ఇంకోటి, వెదరింగ్ అని, అదే ఎండకీ మట్టికీ పాతబడినట్టు కనపడాలని, కాళ్ళకీ లుంగీకీ బ్రౌన్ వాష్ (నీళ్ళలా పల్చటి రంగు) పూశా, బురదలా లేదు, టీ ఒలికినట్టుంది అంది మా ఆవిడ, నిజమే.

లంక_బ్రష్:
గీకకండి బాబూ! రంగుకేం కాలేదు, ఆ తెలుపు వార్నిష్ పొరలోనే ఉంది. స్ప్రేలో సాల్వెంట్ గబగబా ఆవిరైపోతుంటే పైభాగం చల్లబడి గాల్లో తేమని పట్టేసుకుంటుంది. వాన వెలిసిన సాయంత్రం మన కోనసీమలో స్ప్రే కొట్టడమేంటండి, అప్పడాలే ఎండవు. పూర్తిగా ఆరనిచ్చి బ్రష్‌తో పూసే గ్లోసీ వార్నిష్ పల్చగా ఒక కోటు వెయ్యండి, చాలావరకు తేటపడిపోద్ది. మెరుపొచ్చిందని కంగారు పడకండి, మంచి ఎండ కాసే రోజు చూసి మధ్యాహ్నం పూట మళ్ళీ మ్యాట్ వేసుకోవచ్చు. మరీ దూరం నుంచి కొట్టినా గరుగ్గా వస్తుంది, తుంపర దార్లోనే ఆరిపోయి పొడై పడుతుంది కదా. నూనె రాస్తే పోద్ది అని వీడియోల్లో చెప్తారు, నాకైతే నచ్చదు, తర్వాత దాని మీద ఏదీ పట్టదు.

ఒండ్రుమట్టి:
టీ ఒలికినట్టు ఎందుకుందంటే అంతటా ఒకేలా పూశారు కాబట్టి. ఒకసారి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి పక్క కమ్మీ చూడండి, మనుషులు చేత్తో పట్టుకునే చోట తుప్పుండదు, అరిగి ఇనుము మెరుస్తా ఉంటుంది, తుప్పంతా వెల్డింగ్ అతుకుల కింద నుంచి చారలుగా కారి ఉంటుంది. మనిషైనా అంతే. మోకాలి కింద బురద రెండు రంగులు, తడిది నలుపు, ఆరినది బూడిద రంగులో పొలుసు కట్టి ఉంటుంది. చొక్కా భుజాల మీద ఎండకి వెలిసిపోద్ది. వీపు మీద చెమట ఆరిపోయి తెల్లటి ఉప్పు గీత మిగుల్తుంది చూడండి, ఆ ఒక్క గీత సన్నగా వేస్తే చాలు, బ్రౌన్ డబ్బా అక్కర్లేదు.

అసలు బురదే వాడొచ్చు గానీ గట్టు మట్టి అలాగే అంటిస్తే రవ్వలు మరీ పెద్దగా కనిపిస్తాయి. 75 ఎంఎం అంటే అసలు మనిషిలో ఇంచుమించు 24 వంతుల్లో ఒక వంతు, అర మిల్లీమీటరు ఇసక రవ్వ ఆ సరంగు కాళ్ళ దగ్గర 12 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. గ్లాసు నీళ్ళల్లో మట్టి కలిపి నిమిషం ఆగండి, ఇసక అడుక్కి పోద్ది, పైన మట్టినీళ్ళు ఇంకో గ్లాసులోకి వంపి మర్నాటిదాకా వదిలేస్తే మెత్తటి ఒండ్రు పేరుకుంటుంది. ఎండబెట్టి నలిపి, ఫెవికాల్ నీళ్ళతో కలిపి పాత బ్రష్‌తో అద్దండి.

రాజోలు_రంగులు:
పైన చెప్పినవన్నీ కరెక్టే, ఒక్కటి కలుపుతా. ఆయిల్ వాష్ (టర్పెంటైన్‌తో పల్చన చేసిన ఆయిల్ రంగు) చేస్తే కింద గ్లోసీ కోటు ఉండి తీరాలి, ఒక రోజంతా ఆరాలి, లేకపోతే టర్పెంటైన్ కింది అక్రిలిక్ రంగుని లేపేస్తుంది. తలుపుల రంగులకి వాడే పెద్ద డబ్బా టర్పెంటైన్ వద్దు, నా మొదటి బొమ్మ మొహం అలాగే పోయింది, ముక్కుతో సహా. డ్రాయింగ్ సామాన్ల షాపులో దొరికే వాసన లేనిది తీసుకోండి. అన్నట్టు బొమ్మ మీద ప్రింట్ గీతలు గీకేటప్పుడు నీళ్ళ కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) గీకారా? రెజిన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు కూడా పెట్టుకోండి.

పంటు_సరంగు:
థాంక్సండి అందరికీ. ఆగి ఆగి మొన్న ఎండొచ్చాక గ్లోసీ కోటు వేశా, మొహం, చేతులు మళ్ళీ మొదట్లో ఎలా ఉన్నాయో అలా వచ్చేశాయి! చొక్కా వెనక మడతలో మాత్రం తెలుపు కొంచెం మిగిలిపోయింది, సరిగ్గా ఆ ఉప్పు గీత ఉండాల్సిన చోటే, ఇక దాన్ని ముట్టుకోలేదు. గ్లాసులో ఒండ్రు కిటికీలో పెట్టా, మా ఆవిడ మజ్జిగ అనుకుని తీసి పారబోసింది, మళ్ళీ కలపాలి.