అమ్మకి 52 ఏళ్ళకే ఎముకలు గుల్లబారాయన్నారు, రాగిజావ పాలతో సరిపోతుందా?

వినుకొండ_అమ్మాయి:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్. మా అమ్మకి 52. పోయిన నెల పెరట్లో బట్టలారేస్తుంటే చీర కుచ్చిళ్ళు కాలికి తట్టుకుని ముందుకి తూలింది, పెద్దగా పడింది కూడా కాదు, చెయ్యి ఆనించింది అంతే, కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు గారు ఇంత చిన్నదానికి విరగకూడదమ్మా అని ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ రాశారు. నడుము దగ్గర టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న వయసు ఎముకతో పోల్చే లెక్క, మైనస్ 2.5 కి దిగితే గుల్లబారినట్టట) మైనస్ 2.9, తుంటి దగ్గర మైనస్ 2.4. విటమిన్ డి 11 వచ్చింది, చాలా తక్కువట. ఎముకలు గుల్లబారాయి అని చెప్పి కాల్షియం టాబ్లెట్లు, వారానికో డి సాచెట్, వారానికొకటి వేసుకునే ఇంకో టాబ్లెట్ ఇచ్చారు.

ఆ వారం టాబ్లెట్ ఒక్కసారి వేసుకుంది, టిఫిన్ చేశాక రెండు గుటకల నీళ్ళతో వేసుకుని నడుం వాల్చింది, గుండెల్లో మంట అని మళ్ళీ దాని జోలికి పోవట్లేదు. పైగా నేను రోజూ రాగిజావ తాగుతా, టీలో పాలు పోసుకుంటా, అదే సర్దుకుంటుంది మీరు కంగారు పెట్టకండి అంటోంది. 35 ఏళ్ళకే కడుపునొప్పి, తెల్లబట్ట అని వెళ్తే గర్భసంచి తీసేశారు, దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు కానీ చెప్తున్నా. అప్పట్నుంచి పొలం మానేసింది, ఇప్పుడు ఫ్లాట్‌లోనే ఉంటుంది మాతో, బట్టలారేసింది కూడా ఊరెళ్ళినప్పుడే. నడుం నొప్పి రెండేళ్ళుగా ఉంది, కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నాయని ఈమధ్య చీర ఎత్తి దోపుకుంటోంది.

తిండితో ఎంతవరకు లాక్కురావచ్చు? ఏ వ్యాయామం చేయించాలి? నాకు 28, నేనూ ఇప్పట్నుంచే ఏమన్నా చూసుకోవాలా?

డైటీషియన్_లక్ష్మి:

రాగులు మంచివే తల్లీ, కాదనను, కానీ లెక్క వేసి చూడండి. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అది విని అందరూ ఓ గ్లాసు జావ తాగేసి అయిపోయిందనుకుంటారు, ఆ గ్లాసులో మనం కలిపేది రెండు చెంచాల పిండి, 20 గ్రాములు, అంటే 70 మిల్లీగ్రాములే. మన జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్ తార్నాకలో ఉందే, వాళ్ళ 2020 లెక్కల ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి 1200 కావాలి. టీలో పోసే పాలు యాభై మిల్లీలీటర్లుంటాయేమో, 60 మిల్లీగ్రాములనుకోండి.

మరి ఎక్కణ్ణుంచి వస్తుందంటే, పావు లీటరు పాలు తాగితే 300 వస్తుంది, అలా రెండు పూటలా తాగితే సగం అయిపోయినట్టే. పాలు పడకపోతే పెరుగు, గట్టి మజ్జిగ. నువ్వులు ఒక పెద్ద చెంచా వేయించి పొడి కొట్టి అన్నంలో కలుపుకుంటే నూరు దాటుతుంది, నువ్వులుండ అయినా సరే. మునగాకు గుప్పెడు పప్పులో వేస్తే ఇంకో నూరు. చేపలు తింటారా? ఎండు నెత్తళ్ళు ముల్లుతో సహా నమిలి తినేవి కాబట్టి వాటికి మించింది లేదు, కాకపోతే ఉప్పు ఎక్కువ, బాగా నానబెట్టి కడిగి వండండి. రాగుల్ని జావగా కంటే సంగటిగా పెడితే పిండి ఎక్కువ పడుతుంది, మొలక కట్టి ఆరబెట్టి పట్టించిన పిండి అయితే ఒంటికి పట్టడం కూడా బాగుంటుంది. పాలకూర మాత్రం కాల్షియం కోసం అని తినొద్దు, అందులో ఉన్న ఆక్సలేట్ దాన్ని పట్టేసుకుంటుంది, వేరే మంచి గుణాల కోసం తినండి.

ఇంకోటి, నా దగ్గరికొచ్చే ఈ వయసు అమ్మల్లో చాలామంది రాత్రి పూట అన్నం, ఊరగాయ, మజ్జిగ, అంతే. ఉప్పు ఎక్కువైతే కాల్షియం మూత్రంలో పోతుంది, మాంసకృత్తులు లేకపోతే కండ తగ్గి కాళ్ళలో పట్టు పోతుంది. పప్పో గుడ్డో శనగలో రెండు పూటలా ఉండాలి. టాబ్లెట్ కాల్షియం కార్బొనేట్ అయితే భోజనం చేశాక వేయండి, ఒకేసారి 500 కంటే ఎక్కువ వేసినా ఒంటికి పట్టదు. థైరాయిడ్ మాత్రకి దీనికి నాలుగు గంటల తేడా ఉండాలి, ఐరన్ మాత్రతో కలిపి వేయొద్దు.

కానీ మైనస్ 2.9 దగ్గర, అదీ ఒకసారి విరిగాక, తిండి ఒక్కటే చాలదు. మందు మానిపించకండి.

కరీంనగర్_రవి:

చెల్లె, మా అమ్మకు గిట్లనే అయింది, ఆ వారం గోలీ సంగతి నేను చెప్త. అది పొద్దుగాల లేవంగనే పరిగడుపున వేసుకోవాలె, పెద్ద గ్లాసు నిండ ఉత్త నీళ్ళతోని, చాయ్‌తోని పాలతోని కాదు. వేసుకున్నంక అరగంట పండుకోవద్దు, ఏం తినొద్దు, కూసోనన్న ఉండాలె, నడవన్న నడవాలె. పండుకుంటే గోలీ ఆహారనాళంల ఆగి అక్కడ పుండు చేస్తది, మీ అమ్మకు మంట అందుకే అయి ఉంటది. మేం ఆదివారం అని పెట్టుకున్నం, క్యాలెండర్ల గోలీ బొమ్మ గీసినం. అట్ల వేసినా మంట తగ్గకపోతే డాక్టర్‌కు చెప్పుర్రి, ఏడాదికి ఒక్కసారి సెలైన్‌ల ఎక్కించే మందు ఉన్నది. ఆర్నెల్లకోసారి పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్ ఇంకోటి ఉంటది, అది మొదలుపెడితే మాత్రం డాక్టర్‌ను అడగకుండ మధ్యల ఆపొద్దు, ఆపితే వెన్నుపూసలు విరుగుతయని మాకు గట్టిగ చెప్పిర్రు.

సాచెట్లు కూడా జాగ్రత్త. 60 వేల యూనిట్లది వారానికొకటి అని రాస్తే మా మేనత్త రోజుకొకటి వేసుకున్నది, నెలన్నర. వాంతులు, ఒకటే దప్పిక, మాట తడబడుడు. దవాఖానల రక్తంల కాల్షియం బాగ పెరిగిందన్నరు, వారం రోజులు ఉంచుకున్నరు. చీటీ మీద వారం పేరు రాసి పెట్టుర్రి.

కనిగిరి_సుబ్బు:

చిన్న మాట. వినుకొండ వైపు ఏ నీళ్ళు తాగేవారో ఒకసారి చూడండి. మా కనిగిరి, పొదిలి వైపు, అటు నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన వాళ్ళకి స్కాన్‌లో ఎముక చిక్కగా కనిపించినా లోపల పెళుసుగా ఉంటుంది, స్కోరు ఉన్నదానికంటే బాగా కనిపించే అవకాశం ఉంది. బోరు నీళ్ళయితే డాక్టరుకి ఆ సంగతి చెప్పండి.

ఫిజియో_సునీత:

అమ్మా, నీ పోస్టులో నాకు అన్నిటికంటే భయం వేసింది కుచ్చిళ్ళ మాట. అవే చీరలు, అదే మనిషి, ఇప్పుడెందుకు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి? ఎత్తు తగ్గిందేమో చూడు. గోడకి మడమలు ఆనించి నిలబెట్టి కొలువు. పాత ఎత్తు ఎక్కడైనా రాసి ఉంటే దానితో పోల్చు. నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, పైగా నడుం నొప్పి కూడా ఉంది కాబట్టి, వెన్నుపూసకి ఎక్స్‌రే తీయించమని అడుగు. వెన్నుపూస కుదించుకుపోవడం చాలామందికి తెలీకుండానే జరుగుతుంది, వయసు నొప్పి అనుకుని బామ్ రాసుకుంటుంటారు.

ఇక గర్భసంచికీ దీనికీ సంబంధం ఉంది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారా అన్నది ముఖ్యం. తీసేస్తే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఆ రోజే ఆగిపోతుంది, ఎముకని కాపాడేది అదే, అంటే అమ్మకి 35కే నెలసరి ఆగిన వయసు వచ్చినట్టు, 17 ఏళ్ళుగా ఎముక కరుగుతున్నట్టు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు దేశంలో ఆంధ్రలోనే అత్యధికం, తెలంగాణ కూడా పైనే ఉంది, మన దగ్గర 15 నుంచి 49 ఏళ్ళ లోపు నూటికి తొమ్మిది మంది దాకా. వాళ్ళలో ఎంతమందికి ఎముకల గురించి ఎవరైనా చెప్పారో, నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

వ్యాయామం సంగతి ఎక్స్‌రే వచ్చాకే మొదలుపెట్టు. అప్పటిదాకా ముందుకి వంగి కాళ్ళు పట్టుకునే ఆసనాలు, వంగి బిందె ఎత్తడం, గ్యాస్ సిలిండర్ జరపడం ఏవీ వద్దు. తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, అదే గట్టు దగ్గర ఒంటికాలి మీద పది సెకన్లు, ఇవి రోజూ. నడక మంచిదే, కానీ కండకి బరువు తగలాలి, మా దగ్గరికి రావడం కుదరకపోతే దగ్గర్లో ఎవరినైనా ఫిజియోని అడిగి నేర్చుకోండి. ఎండ అంటే బాల్కనీ అద్దం వెనక కూర్చోవడం కాదు, అద్దంలోంచి పనికొచ్చే కిరణం రాదు. పది పదకొండు గంటలకి చేతులు ముఖం తగిలేలా ఓ ఇరవై నిమిషాలు, కానీ విటమిన్ డి 11 ఉన్నప్పుడు మందు కూడా కావాలి. రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళే దారిలో లైటు, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ ఈ వారమే పెట్టించు.

నీకు 28 కదా, 30 దాకా ఎముక ఇంకా గట్టిపడుతుంది, డైటింగ్ పేరుతో పాలూ పప్పూ మానకు, బరువులెత్తు.

వినుకొండ_అమ్మాయి:

సునీతక్కా, మీరు చెప్పాక బీరువాలో పాత ఆపరేషన్ కాగితాలు వెతికాను. ఎత్తు 155 అని ఉంది, ఇప్పుడు గోడకి పెట్టి కొలిస్తే 150. అదే కాగితంలో రెండు అండాశయాలూ తీసినట్టు రాసి ఉంది, అమ్మకి ఇన్నేళ్ళూ ఆ సంగతే తెలీదు, సంచి ఒక్కటే అనుకుంది, చదివి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు. నిన్న ఎక్స్‌రే తీయిస్తే నడుముకి కాస్త పైనుండే వెన్నుపూస (డి12 అంటారట) ముందువైపు నొక్కుకుపోయి ఉంది. డాక్టరు గారు టాబ్లెట్ బదులు ఏడాదికోసారి ఎక్కించేదే మేలన్నారు, ముందు పళ్ళ డాక్టరుకి చూపించి, విటమిన్ డి పెరిగాక ఇస్తామన్నారు. నీళ్ళ సంగతి కూడా చెప్పాం సుబ్బు గారూ, మాది బోరు కాదు, చెరువు నీళ్ళే.

జావ మానలేదు, రాత్రికి సంగటి చేస్తున్నాం, పాలు రెండు గ్లాసులు తాగుతోంది. చీరలన్నిటికీ అడుగున మడిచి కుట్టు వేయిస్తున్నా. మా ఊళ్ళో మా వీధిలోనే ఈ ఆపరేషన్ అయినవాళ్ళు నలుగురున్నారు, ఆదివారం వెళ్ళినప్పుడు వాళ్ళ కాగితాలు కూడా తీయించి చదువుతాను.