సాన్స్ కాలేజీని 2005లో పెట్టారు, 2013లో అక్రెడిటేషన్: మధ్యలో చదివినవాళ్ల మాటేంటి?

డల్లాస్_స్వాతి: హెచ్4 (భర్త హెచ్1బీ వర్క్ వీసాకి డిపెండెంట్) మీద ఉన్నాను. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగేళ్లు నెట్‌వర్క్ సపోర్ట్ చేశాను. సాన్స్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టర్స్ చేద్దామని చూస్తున్నా, అక్కడ చెప్పేదంతా సైబర్ సెక్యూరిటీయే. మేరీలాండ్ రాష్ట్రం అనుమతితో 2005లో మొదలైంది, కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే మిడిల్ స్టేట్స్ కమిషన్ నుంచి అక్రెడిటేషన్ మాత్రం 2013లో వచ్చింది. ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది? ఏమైనా తేడా ఉందంటారా?

గుంటూరోడు: ఎనిమిదేళ్లంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. అక్రెడిటేషన్ రాని చోట ఫీజు కట్టడం, ప్లాన్ అప్రూవల్ లేని అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనడం ఒకటే.

పాత_ప్యాకెట్: తేడా ఏం లేదండీ. కొత్త కాలేజీకి పుట్టగానే అక్రెడిటేషన్ ఎవరూ ఇవ్వరు. ముందు రాష్ట్రం అనుమతి, తర్వాత విద్యార్థులు చేరాలి, పాఠాలు జరగాలి, అప్పుడు కమిషన్ క్యాండిడేట్ హోదా (గుర్తింపుకి ముందు మెట్టు) ఇచ్చి, మనుషుల్ని పంపి చూసుకుని, ఆ తర్వాత ఇస్తుంది. మొదటి బ్యాచ్ ఎప్పుడూ గుర్తింపు లేకుండానే చేరాలి. పైగా సాన్స్ 1989 నుంచి ట్రైనింగ్ ఇస్తున్న సంస్థ. మా టీమ్‌లో ఇంటర్వ్యూలు చేసేది నేనే. జీఐఏసీ సర్టిఫికెట్ (సాన్స్ వాళ్ల సెక్యూరిటీ పరీక్షది) ఉందా, ప్యాకెట్ క్యాప్చర్ (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా రికార్డు) ఇస్తే చదవగలరా, అంతే చూస్తా. డిగ్రీ ఎవరిచ్చారో చూసిందే లేదు.

వంశీ_ఎన్‌జే: మిడిల్ స్టేట్స్ అంటే రీజనల్ (ఒక ప్రాంతం కాలేజీలకి గుర్తింపు ఇచ్చేది, నేషనల్ వాటికన్నా విలువెక్కువ). డోకా లేదు.

కూకట్‌పల్లి_క్లౌడ్: రీజనల్, నేషనల్ అన్న తేడా ఫెడరల్ విద్యాశాఖ 2020లోనే తీసేసింది బ్రో.

వంశీ_ఎన్‌జే: తీసేస్తే? క్రెడిట్లు ట్రాన్స్‌ఫర్ అడిగి చూడు, తెలుస్తుంది. రీజనల్ రీజనలే.

గుంటూరోడు: ప్యాకెట్ గారూ, మీరు చూడకపోతే వీసా అర్జీలు తేల్చే యూఎస్‌సీఐఎస్ చూస్తుంది. హెచ్1బీలో మాస్టర్స్‌వాళ్లకి విడిగా ఉన్న 20,000 కోటాలోకి రావాలంటే, డిగ్రీ వచ్చేనాటికే ఆ కాలేజీకి అక్రెడిటేషనో, కనీసం క్యాండిడేట్ హోదానో ఉండాలి. అదీ ప్రభుత్వానిదో నాన్-ప్రాఫిట్టో అయి ఉండాలి. తర్వాత ఎప్పుడో గుర్తింపు వస్తే చెల్లదని 2017లో అప్పీళ్ల ఆఫీసు తేల్చేసింది. మా తమ్ముణ్ని "వచ్చే సెమిస్టర్‌కి వచ్చేస్తుంది" అని చేర్చుకున్నారు, మూడు సెమిస్టర్లూ అదే పాట. పట్టా ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్‌లోనే ఉంది, నాన్న ఫ్రేమ్ కట్టించనివ్వలేదు.

డల్లాస్_స్వాతి: నాన్-ప్రాఫిట్ సంగతి నాకు తెలీదు. అది ఎక్కడ చూడాలి?

పాత_ప్యాకెట్: మీ తమ్ముడి కాలేజీకీ దీనికీ ముడేంటండీ? అయినా లిస్టులో పేరుంటే సరిపోతుందా? 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్, ఇమ్మిగ్రేషన్‌వాళ్లు వలగా పెట్టిన దొంగ యూనివర్సిటీ, దాని పేరు కూడా అక్రెడిటెడ్ లిస్టులో కనిపించింది. క్లాసుల్లేవు, చెప్పేవాళ్లూ లేరు.

గుంటూరోడు: క్లాసుల్లేవని చేరినవాళ్లకి తెలీదా? వర్క్ పర్మిట్ కోసం తెలిసే చేరారు.

పాత_ప్యాకెట్: ఓహో, వాళ్లు తెలిసే చేరారు, మీ తమ్ముడు మాత్రం పాపం! 2009లో నేనూ అలాంటి కాలేజీలోనే చేరాను సార్. అమీర్‌పేటలో కన్సల్టెన్సీవాడు ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే ఫారం) చూపించి ఇది గవర్నమెంటు ఇచ్చిన కాగితమే అన్నాడు. ఐ-20 ఇచ్చే అనుమతి వేరు, అక్రెడిటేషన్ వేరు అని ఇరవై రెండేళ్లవాడికి ఎవరు చెప్తారు? అది మూతపడితే ఇంకో చోట మొదటి సెమిస్టర్ నుంచి మళ్లీ చదివా.

గుంటూరోడు: మీకు రెండోసారి ఫీజు కట్టేవాళ్లు దొరికారు. మావాడు తిరిగొచ్చేసి నరసరావుపేటలో ఎరువుల కొట్టు చూసుకుంటున్నాడు. ఇంత పడ్డవారు, డిగ్రీ ఎవరిస్తే ఏంటని ఆ అమ్మాయికి ఎలా చెప్తున్నారు?

పాత_ప్యాకెట్: డిగ్రీ చూసి తీసేయడం మొదలుపెడితే ముందు నన్నే తీసేయాలండీ. అందుకే చూడను.

కూకట్‌పల్లి_క్లౌడ్: స్వాతి గారూ, ఫెడరల్ విద్యాశాఖ కాలేజ్ నావిగేటర్ సైట్‌లో పేరు కొట్టండి, ఫర్-ప్రాఫిట్టో కాదో పైనే ఉంటుంది. 20,000 కోటా మీద ఆశ ఉంటే అది చూశాకే ఫీజు కట్టండి. మామూలు 65,000 లాటరీకి ఈ షరతు లేదు, మీ బీటెక్ సరిపోతుంది.

వంశీ_ఎన్‌జే: రీజనల్ అని మొదటే చెప్పాగా.